దాది పనికి నియమములు

పరుల బిడ్డను పెంచు స్త్రీ మన కావ్యములకు క్రొత్తది కాదు. దాది యనియు, ఉపమాత యనియు పెద్దలు ఆమెకు పేళ్లు పెట్టిరి. నేడు పట్టణములలో వినబడు ‘ఆయా’ యను మాట మాత్రము పరదేశమునుండి వచ్చినది. పోర్చుగీసువారి నోట పుట్టి, తెల్లదొరల బంగళాలలో స్థిరపడి, తుదకు మన మేడలలోనికి చేరినది. పేరేదైనను పని యొక్కటియే. బిడ్డకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట, జోల పాడి నిద్రపుచ్చుట, పడినప్పుడు లేవనెత్తుట. ఈ పనులు తల్లి చేసినచో ప్రేమ యందురు. జీతమునకు వచ్చిన స్త్రీ చేసినచో చాకిరి యందురు. ఈ రెండు మాటల నడుమ నలుగుచున్న స్త్రీలు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఎందరో కలరు. వారిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని తలచితిమి.

ఆ పని మేమును తొమ్మిది నెలలు చేసితిమి. మా ఇంటివారు తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలయందు ఉపాధ్యాయులు. 2020 మార్చిలో కరోనా మహమ్మారి వలన బడులు మూతపడినవి. తిరుమలలో శ్రీవారి దర్శనమే భక్తులకు నిలిచిపోయి, జూన్‌లో గాని మరల మొదలు కాలేదు. యాత్రికులమీద బ్రతుకు ఊరు కావున, పూలమ్మువారు మొదలు ఆటో తోలువారి వరకు అందరి పొయ్యిలును చల్లబడినవి. మా ఇంటివారికి జూన్‌నుండి సగము జీతము వచ్చెను. శ్రావణము దాటిన పిదప అదియును లేదు. కొర్లగుంటలో మేమున్న ఇంటికి నాలుగు నెలల బాడుగ నిలిచిపోయెను. మా అమ్మాయికి అప్పటికి ఎనిమిదేండ్లు.

మా చదువు బడి చదువు కాదు. చిత్తూరులో మా నాయనగారు మమ్ములను ఇంటివద్దనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చదివించిరి. పట్టా లేని చదువునకు ఉద్యోగమెవ్వరిత్తురు? అట్టి తరుణమున పద్మావతీపురములోని ఒక సంపన్న గృహమున రెండేండ్ల మగబిడ్డను చూచుకొనుటకు చదువు వచ్చిన ఇల్లాలు కావలెనని తెలిసినవారు చెప్పిరి. మా ఇంటివారితో ఆ సంగతి చెప్పితిమి. పంతులుగారి భార్య ఆయా పనికి పోయినదని నలుగురు అనుకొందురేమో యని మా సంకోచము. వారు కొంతసేపు ఊరకుండి, “పిల్లల్ని పెంచడం పాఠం చెప్పడం కన్నా తక్కువ పని అని నేనెప్పుడూ అనుకోలేదు. అయితే అడగాల్సినవి ముందే అడిగి చేరు” అనిరి.

ఆ రాత్రి మాకు విరాటపర్వము జ్ఞప్తికి వచ్చెను. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణాదేవి కొలువులో చేరునప్పుడు తన నియమములను ముందుగనే చెప్పెను. పరుల ఎంగిలి ముట్టననియు, ఒకరి కాళ్లు కడుగననియు ఆమె నియమములు. తల దువ్వుట, మైపూతలు నూరుట, పూలమాలలు కట్టుట తాను చేయగల పనులని విడదీసి చెప్పెను. అరణ్యపర్వములో నలుని బాసిన దమయంతియు చేదిరాజు తల్లివద్ద ఇట్టి నియమములే పెట్టి చేరెను. ఇద్దరును మహారాణులే, ఇద్దరును దిక్కులేని వేళ పరుల యింట పనికి చేరినవారే. దిక్కులేనివారము గదా, ఇచ్చినది పుచ్చుకొని చెప్పినది చేయుదమని వారనుకొనలేదు. చిన్నతనమున ఈ ఘట్టములను పతివ్రతల కథలుగా చదివితిమి. అవసరము వచ్చి తలచుకొన్నప్పుడు, పనికి పోవు స్త్రీ యేమి అడుగవలెనో అవి మాకు నేర్పినవి.

మరునాడు ఆ యింటికి పోయితిమి. గృహిణి మర్యాద గలది, మెత్తని మాట గలది. “మా ఇంటి మనిషిలాగానే చూసుకుంటామమ్మా, మీకేం కొదవ ఉండదు” అనెను. “ఇంటి మనిషికి జీతం లేదు, సెలవు లేదు, వేళ లేదు. మాకు ఆ మూడూ కావాలమ్మా” అని మేము నవ్వుచునే చెప్పితిమి. ఆమెయు నవ్వెను. పిమ్మట ఒక కాగితముమీద ఆరు మాటలు వ్రాసి, రెండు ప్రతులు చేసి, ఒకటి ఆమెకిచ్చి ఒకటి మేముంచుకొంటిమి. ఉదయము 8 గంటలకు వచ్చి, సాయంత్రము 6 గంటలు దాటగానే మా యింటికి పోవుదుము. బిడ్డ పని తప్ప అంట్లు, గుడ్డలు మావి కావు. మధ్యాహ్నము బిడ్డ నిద్రించునప్పుడు అన్నము తిని అరగంట నడుము వాల్చుదుము. బిడ్డ తిని విడిచినది మాకు పెట్టరాదు. ఆదివారము సెలవు. నెలకు 9,000 రూపాయలు, అయిదవ తేదీ లోపల. ఆ సంవత్సరము దీపావళి వెళ్లిన మూడవనాడు పనిలో చేరితిమి.

ఆ బిడ్డ అప్పటికి ఫోనులో బొమ్మలు చూపినగాని నోరు తెరువడు. ఫోనును ఒక్కసారి లాగుకొన్నచో ఇల్లెగురగొట్టును. కావున మొదట ఒక్క పూట, తరువాత రెండు పూటలు మాన్పించితిమి. చలికాలము గావున సాయంత్రము పెందలకడనే చీకటి పడును. మేడమీద ఎత్తుకొని నిలిచి శేషాచలము కొండలు చూపితిమి. అలిపిరినుండి గాలిగోపురము వరకు మెట్లదారి దీపములు వరుసగా వెలుగును గదా, ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క ముద్ద యని తినిపించితిమి. నెల తిరుగునప్పటికి ఫోను మరచి దీపముల కొరకు మారాము చేసెను. మమ్ములను ‘అత్తా’ యని పిలువసాగెను.

ఒకనాడు వాడు వాకిట పడి మోకాలు కొట్టుకొనెను. తల్లి చేతులు చాచి ఎదురు వచ్చెను. వాడామెను దాటి పరుగెత్తి వచ్చి మా చీర కుచ్చెళ్లు పట్టుకొని యేడ్చెను. ఆమె ముఖము చిన్నబోయెను. పెంచుటకు వచ్చినవారికి ఇంతకన్న సున్నితమైన ఘడియ లేదు. బిడ్డకు మనపై మమకారము లేనిదే పని సాగదు. ఉన్నచో తల్లికి నొప్పి. ఆనాటినుండి ప్రతి పూట చివరి ముద్దలు తల్లిచేతనే పెట్టించితిమి. సాయంత్రము వెళ్లునప్పుడు వానిని ఆమె ఒడిలో కూర్చుండబెట్టిన తరువాతనే గడప దాటితిమి.

మా యింటి సంగతి వేరు. పగలెల్ల మా అమ్మాయి తండ్రివద్ద నుండి, ఉన్న ఒక్క ఫోనులో పాఠములు వినుచుండెను. ఒకనాటి రాత్రి ప్రక్కలో పండుకొని, “ఆ పిల్లోడికి ఏం పాట పాడి నిద్ర పుచ్చుతావమ్మా?” అని యడిగెను. తాళ్లపాక అన్నమాచార్యులవారి జోల యని చెప్పితిమి. “అది నా పాట కదా” అని అటు తిరిగి పండుకొనెను. మేము చాలసేపు నిద్రపోలేదు. మరునాటినుండి ఆ బిడ్డకు వేరొక పాట పాడితిమి. మా పగళ్లను జీతమునకిచ్చితిమి; ఆ పాటను మాత్రము మా అమ్మాయికి ఉంచితిమి.

ఆ యింట వంట చేయు ఆమెది పీలేరు. మేమామెను అక్క యని పిలిచెడివారము. ఆమె 2013నుండి 2019వరకు ఆరేండ్లు కువైటులో దాదిగా నుండి వచ్చినది. మన ప్రాంతపు నోట అది ‘కోయిట’. ఇంటిపనికి పోవువారి వీసా ‘కద్దామా వీసా’. రాజంపేట, రాయచోటి, పీలేరు ప్రక్కలనుండి అక్కడికి పోని ఊరు అరుదు. వానలు నమ్మరాని నేల. వేసిన వేరుసెనగ చేతికి రాని యేడు అప్పు మిగులును. ఆ అప్పు తీర్చుటకు మగవాడు డ్రైవరుగానో, ఆడది దాదిగానో సముద్రము దాటుదురు. 1990 ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులను లక్షకు పైగా విమానములలో తీసికొనివచ్చిరి. కువైటు మరల కుదుటబడగానే మరల పోవుట మొదలైనది.

అక్క నలుబది దినముల పసికందును చేతికి తీసికొని ఆరవ యేడు వచ్చువరకు పెంచెను. నెలకు 90 దీనారులు; 2019లో ఒక దీనారు 230 రూపాయలకు దగ్గరగా నుండెను. ఆ సొమ్ముతో అప్పు తీర్చెను, రెండు గదుల మిద్దె కట్టెను, కూతురి పెండ్లి చేసెను. కోయిట పోవుట తప్పని మేమనము; ఆ మిద్దెను చూచినవారెవ్వరును అనలేరు. కాని ఆమె పాస్‌పోర్టు ఆరేండ్లును యజమానురాలి పెట్టెలోనే యుండెను. వేకువ 5 గంటలకు లేచి అర్ధరాత్రి పండుకొనుట. వారమున కొక్క దినము సెలవని ఆమెకెవ్వరును చెప్పలేదు. ఆ బిడ్డ తన తల్లి భాషకన్న ముందు ‘నీళ్లు’, ‘దా’ అను తెలుగు మాటలు పలికెనట. అక్క వానికి పాడినదియు అన్నమాచార్యుల జోలయే. తాళ్లపాక రాజంపేట ప్రక్క ఊరే గదా. ఆ నేలనుండి పోవు స్త్రీలతోడనే ఆ పాటయు ఎడారి దేశమునకు పోయినది.

తిరిగి వచ్చునాడు రాత్రిపూట కారు వచ్చెనట. “నిద్రలో ఉండాడు, లేపొద్దన్నారు మ్మా. తలుపుకాడ నిలబడి చూసొచ్చినా” అని ఆమె ఉల్లిపాయలు తరుగుచు చెప్పెను. ఇంటికి వచ్చినచో, మూడేండ్లప్పుడు విడిచిపోయిన కన్నకొడుకు తొమ్మిదేండ్లవాడై అవ్వను ‘అమ్మా’ యని పిలుచుచుండెను. కన్నతల్లిని ‘కోయిటమ్మ’ అనుచుండెను. అక్క తిరుపతిలోనే పని వెదకుకొనుటకు అదియే కారణము. బస్సెక్కినచో ఇల్లు చేరవచ్చును గదా యని.

ఇంతలో రెండవ మారు మహమ్మారి వచ్చినది. 2021 మే 5వ తేదీనుండి రాష్ట్రమంతట పగలు 12 గంటలు మొదలు మరునాటి ఉదయము 6 గంటల వరకు కర్ఫ్యూ పెట్టిరి. గృహిణి మమ్ములను పిలిచి, కర్ఫ్యూ తీయువరకు రాత్రింబగళ్లు అక్కడనే యుండుమనెను. బయట తిరిగి వచ్చినవారు బిడ్డకు జబ్బు తెత్తురేమో యని ఆమె భయము. ఆ భయము అబద్ధము కాదు. కాని ఎన్నాళ్లో తెలియదు, ఇంట మాకును బిడ్డ కలదు. మేము కాగితము తీసి మొదటి మాట చూపితిమి. ఉదయము ఆరున్నరకు వచ్చి పదునొకండున్నరకు పోవుదుము, రాగానే స్నానము చేసి బట్టలు మార్చి గాని బిడ్డను ముట్టము, పని సగము గావున జీతమును సగమే యిమ్ము అంటిమి. ఆమె రెండు దినములు మాతో మాటాడలేదు. మూడవనాడు ఒప్పుకొనెను. సగము జీతముతో ఆ రెండు నెలలు మాకు కష్టముగనే గడచెను. అయినను ప్రతి మధ్యాహ్నమును మా అమ్మాయితో కూర్చుండి అన్నము తింటిమి.

అక్కకు కాగితము లేదు. ఆమెను ఉండుమనిరి, ఉండెను. వంటయింటి వసారాలో పండుకొని, రేయియు పగలును పని చేసి, అదే జీతము పుచ్చుకొనెను. పీలేరునుండి కొడుకు ఫోను చేసినప్పుడు తరచుగా ఆమె చేతులు పిండిలో నుండెను. “కోయిటలో ఉన్నట్టే ఉంది మ్మా, విమానం చార్జీ ఒక్కటే మిగిలింది” అని నవ్వెను.

ఆ మాట మమ్ములను వదలక, తరువాత ఆ దేశపు చట్టమేమి చెప్పుచున్నదో చదివితిమి. కువైటులో 2015లో ఇంటిపనివారి కొరకు 68వ సంఖ్య గల చట్టము చేసిరి. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమున కొక దినము, సంవత్సరమునకు 30 దినములు జీతముతోడి సెలవు. పని విడుచునప్పుడు చేసిన ప్రతి సంవత్సరమునకు ఒక నెల జీతము. పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనరాదు. 2016లో కనిష్ఠ వేతనము 60 దీనారులుగా నిర్ణయించిరి. ఇవన్నియు అక్క అక్కడ నుండగనే వచ్చినవి. ఆమె చెవిని ఒక్కటియు పడలేదు. మేడ గోడల వెనుక చట్టము నడచునా లేదా యనునది వేరు ప్రశ్న. అయినను అడుగుటకు ఒక అక్షరము కలదు.

మన దేశమున ఇంటిపనివారికి అట్టి ప్రత్యేక చట్టము లేక, 2025 జనవరి 29వ తేదీన సుప్రీంకోర్టు దానిని గూర్చి ఆలోచించుటకు ఒక సంఘమును వేయుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. 2011 జూన్ 16వ తేదీన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి గౌరవమును గూర్చి 189వ ఒడంబడికను ఆమోదించినది. దానిని మన దేశము ధ్రువపరుపలేదు. కోయిట యజమానురాలిని నిందించు మనము మన వంటయింటి వసారాను గూడ ఒకసారి చూడవలెను గదా!

నియమమున్నచో ఆపద రాదా యని కొందరడుగవచ్చును. సుదేష్ణ చెడ్డ రాణి కాదు. అయినను తోబుట్టువు మాటకు లోబడి, పానీయము తెమ్మని సైరంధ్రిని కీచకుని యింటికి పంపెను. ద్రౌపది తొల్లిటి నియమమును ఆమెకు జ్ఞప్తి చేసెను; అయినను పోక తప్పలేదు. కాని ఆ తరువాత నిండు సభలో నిలిచి తనకు జరిగిన అన్యాయమును అడుగగలిగెను. నేటి సైరంధ్రులకును అట్టి సభ యొకటి కలదు. పని స్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపులను గూర్చి 2013లో వచ్చిన చట్టము ఇంటిని గూడ పని స్థలముగా లెక్కించి, ఇంటిపని చేయు స్త్రీకి జిల్లాలోని స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేయు హక్కు నిచ్చినది. తెలియక పోవుటచేత ఆ గడప త్రొక్కువారు తక్కువ.

మాట ముందుగా తెగని చోట ఏమగునో పూర్వపు ఆయాల కథ చెప్పును. తెల్లదొరల బిడ్డలను ఓడలో సాకుచు ఇంగ్లండు వరకు పోయిన మన స్త్రీలలో కొందరిని, రేవు చేరగానే తిరుగు ప్రయాణపు ఖర్చు లేకయే విడిచిపెట్టిరి. అట్టివారికి లండనులోని హాక్నీయందు ఒక ఆశ్రయగృహము వెలసెను. ఆ ఇంటి గోడకు 2022 జూన్‌లో స్మారకఫలకము బిగించిరి. సముద్రముమీద నెలనాళ్లు బిడ్డను గుండెకు హత్తుకొని పోయిన స్త్రీకి తిరుగు టిక్కెట్టు సంగతి మొదటనే వ్రాసియున్నచో ఆ గృహము అంతగా అవసరమై యుండదు.

2021 ఆగస్టు 16వ తేదీన బడులు మరల తెరచిరి. మా ఇంటివారి జీతము కుదుటబడెను. మేము నెల ముందుగనే చెప్పి పని విడిచితిమి. కడపటి దినమున పట్టపగలు, వాడు మేలుకొని యుండగనే, “అత్త రేపటినుండి రాదు నాయనా, అమ్మ నీకు దీపాలు చూపిస్తుంది” అని చెప్పితిమి. వాడు కొంచెమేడ్చి, పిమ్మట తల్లి చంకనుండి చేయి ఊపెను. ఆ గృహిణి నిలువ లేకుండ జీతమిచ్చి, పసుపు కుంకుమలు పెట్టి పంపెను. ఆమెపై మాకు కోపము లేదు, ఆమెకును మాపై లేదనియే నమ్ముదుము. మాట ముందుగా తెగియుండుటచేతనే అది సాధ్యమైనది.

సోదరీమణులారా! మీ యింట బిడ్డను చూచుటకు ఒక స్త్రీని పెట్టుకొన్నచో, ఆమెకు వేళ, సెలవు, జీతము, పని యివి యని కాగితముమీద వ్రాసి యిండు. ప్రేమగా చూచుకొందుమని చెప్పుట మంచిదే. అది జీతముమీద కొసరుగా నుండవలెను గాని జీతమునకు బదులు కారాదు. ఆమె యింట ఒక బిడ్డ కలదని మరువకుడు.

కోయిట పోదలచినవారు మరికొన్ని సంగతులు గమనింపవలెను. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీ 30 ఏండ్లు నిండనిదే ఇంటిపనికి పోరాదని మన ప్రభుత్వపు నియమము. దానిని తప్పించుటకు చూడవచ్చినవారి వీసాపై పంపెదమను బ్రోకర్లను నమ్మకుడు. ఆ దారిన పోయినవారికి ఒడంబడిక యుండదు, ఆపద వచ్చినప్పుడు అడుగుటకు ఆధారముండదు. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ మార్గమున పోయినవారికి వ్రాతపూర్వకమైన ఒడంబడికయు, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమాయు కలవు. ఒడంబడికను తెలిసినవారిచేత చదివించుకొని, ఒక ప్రతి ఇంట విడిచి పొండు.

మేము వెళ్లినచో తనకును ఒక కాగితము వ్రాసి యిమ్మని అక్క అడిగెను. మేము కలము తీసి, మొదట జీతమెంత యని వ్రాయుదమా యంటిమి. “జీతం తర్వాత రాయి మ్మా. రాత్రి ఎనిమిదింటికి మా వాడితో ఫోన్లో మాట్లాడే పొద్దుకు నన్నెవరూ పిలవకూడదని ముందు రాయి” అనెను. అట్లే వ్రాసితిమి. ఆ నియమముతోడనే ఆమె యిప్పుడు వేరొక యింట పని చేయుచున్నది. కొడుకు ఆమెను అమ్మా యని పిలుచుచున్నాడట.